జాతి గురించిన తరగతి చర్చ – మిషిగన్ విశ్వవిద్యాలయ చరిత్ర (1970–2023)

ఆంగ్లంలోని 'రేస్' అనే మాటకు తెలుగులో సరిగ్గా సరిపోయే పదం లేదు. మనం 'జాతి' అంటున్నాం. అదే మాటతో తెలుగుజాతి అంటాం, స్త్రీజాతి అంటాం, పక్షిజాతి అంటాం. కులాన్ని కూడా ఆ మాటతోనే చెప్పడం ఉంది. దక్షిణాఫ్రికా శ్వేత ప్రభుత్వ విధానాన్ని మన పత్రికలు 'వర్ణవివక్ష' అని అనువదించాయి. అందులోని 'వర్ణ' శబ్దం రంగును చెబుతూనే చాతుర్వర్ణ్యాన్నీ గుర్తు చేస్తుంది. కాబట్టి ముందే ఒక మాట స్పష్టం చేయాలి. ఈ వ్యాసంలో 'జాతి' అన్నచోటల్లా చర్మపు రంగును, పూర్వికుల మూలాన్ని ఆధారం చేసుకొని అమెరికన్ సమాజం కల్పించి, చట్టాల్లోను జనాభా లెక్కల్లోను స్థిరపరచిన విభజన అనే అర్థం. అది ప్రకృతి సిద్ధమైన విభజన కాదన్నది నేటి మానవశాస్త్రంలో వివాదం లేని విషయం. అయినా దాని ఫలితాలు మాత్రం నిజమైనవి.

ఈ విషయాన్ని అమెరికన్ విశ్వవిద్యాలయాలు ఉపన్యాసంగా బోధించడం ఒక చరిత్ర. విద్యార్థులను ఎదురెదురుగా కూర్చోబెట్టి వారిచేత మాట్లాడించడం ద్వారా బోధించడం మరొక చరిత్ర. ఈ రెండవది సాధారణంగా బోధనపద్ధతుల చరిత్రలో ఒక ఉపశీర్షికగా మిగిలిపోతోంది. దాన్ని అలా చూడటం పొరపాటని నా అభిప్రాయం. జాతి గురించి చర్చించే తరగతిలో పద్ధతి కంటే ముందు తేలవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఆ గదిలో ఎవరు ఎంతమంది ఉన్నారు? నలుగురిలో ఒకరుగా ఉన్నవాడు చర్చలో సభ్యుడు అవుతాడు. పాతికమందిలో ఒక్కడుగా ఉన్నవాడు, తాను కోరుకున్నా కోరుకోకపోయినా, సాక్షి అవుతాడు. తన జాతి తరఫున వాఙ్మూలం ఇవ్వవలసినవాడవుతాడు. మిషిగన్ విశ్వవిద్యాలయ చరిత్రలో పాఠ్యక్రమం, శిక్షాస్మృతి, ప్రవేశ విధానం ఈ మూడూ ఒకదానితో ఒకటి పెనవేసుకొని, న్యాయస్థానాల రికార్డుల్లోకి ఎక్కాయి. అందువల్ల ఈ విషయాన్ని పరిశీలించడానికి అది తగిన ఉదాహరణ.

పూర్వరంగం

సభ్యుడు, సాక్షి అన్న ఈ తేడాకు మనకు బాగా తెలిసిన ఒక ఉదాహరణ ఉంది. 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్య గోల్డెన్‌వైజర్ నిర్వహించిన మానవశాస్త్ర సెమినార్‌లో డా. బి. ఆర్. అంబేడ్కర్ భారతదేశంలోని కులాల పుట్టుక, నిర్మాణం, వికాసాలపై పత్రం చదివారు. అది మరుసటి సంవత్సరం 'ఇండియన్ యాంటిక్వరీ'లో అచ్చయింది. గోల్డెన్‌వైజర్ ఫ్రాంజ్ బోయాస్ శిష్యుడు. జాతుల మధ్య సహజమైన హెచ్చుతగ్గులున్నాయనే సిద్ధాంతాన్ని బోయాస్ ఆనాటికే ఎదుర్కొంటున్నారు. అంబేడ్కర్ పత్రంలో కులానికి మూలం అంతర్వివాహమనే వాదన ప్రధానం. కులం విషయంలో యూరోపియన్ పండితులు చర్మపు రంగుకు ఉన్నదానికంటే ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చారని ఆయన విమర్శించారు. గమనించదగినదేమంటే, ఆ పత్రంలో ఆయన స్వానుభవాన్ని ఎక్కడా సాక్ష్యంగా పెట్టలేదు. చెప్పుకోదలిస్తే చెప్పుకోవడానికి ఆయన దగ్గర చాలా ఉంది. అయినా ఆ గదిలోకి ఆయన సిద్ధాంతకర్తగా వెళ్ళారు. సెమినార్ అనే జర్మన్ సంప్రదాయంలో పుట్టిన పద్ధతి విద్యార్థికి ఇచ్చే గౌరవం అదే: నీవెవరన్నది కాదు, నీ వాదన ఏమిటన్నదే ముఖ్యం.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో దీనికి భిన్నమైన మరో ధోరణి బయలుదేరింది. హార్వర్డ్ మనస్తత్వశాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ పోలీసు అధికారులకు జాతి సంబంధాలపై 8 గంటల పాఠ్యక్రమం నడిపిన అనుభవాన్ని 1945లో ఒక వ్యాసంగా రాశారు. అధికారులు పాఠం వినలేదు. ఎదురుతిరిగారు, అల్పసంఖ్యాక వర్గాలపై తమకున్న అక్కసునంతా వెళ్ళగక్కారు. ఆల్‌పోర్ట్ అడ్డుపడలేదు. ముందు లోపలిది బయటకు వస్తేగాని బయటిది లోపలికి పోదన్నది ఆయన గ్రహించిన విషయం. ఇక్కడ వాదన కాదు, మాట్లాడటమే చికిత్స. మరి ఆ మాటలు పడవలసినవారు అదే గదిలో కూర్చుని ఉంటే ఏమవుతుంది?

1946 వేసవిలో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ బ్రిటన్‌లో, అక్కడి అంతర్జాతి సంబంధాల సంఘం కోరికపై కర్ట్ లెవిన్ ఒక శిబిరం నిర్వహించారు. లెవిన్ 1933లో జర్మనీ విడిచి అమెరికా చేరిన యూదు శాస్త్రవేత్త. ఉపాధ్యాయులు, సామాజిక కార్యకర్తలు పగలు చిన్న బృందాలుగా చర్చించేవారు. ఆ చర్చల తీరును పరిశోధకులు సాయంత్రం తమలో తాము సమీక్షించుకొనేవారు. ఒకనాటి సమీక్షకు కొందరు సభ్యులు వచ్చి కూర్చున్నారు. తన ప్రవర్తనను గురించి పరిశీలకుడు చెబుతున్నది విని అందులో ఒక మహిళ 'అలా జరగలేదు' అని అభ్యంతరం చెప్పారు. మరుసటి సాయంత్రానికి సమీక్షకు వచ్చేవారి సంఖ్య పెరిగింది. చర్చించడం ఒకటి, చర్చ ఎలా జరిగిందో చర్చించడం మరొకటి అన్న ఎరుక అక్కడ పుట్టింది. 1954లో ఆల్‌పోర్ట్ తన ప్రసిద్ధ గ్రంథంలో వర్గాల మధ్య పరిచయం పక్షపాతాన్ని తగ్గించాలంటే సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పరస్పర సహకారం, అధికార వ్యవస్థ మద్దతు ఉండాలని సూత్రీకరించారు. వీటిలో 'సమాన హోదా' అన్న మొదటి షరతు దగ్గరే విశ్వవిద్యాలయాలు చిక్కుకున్నాయి.

ఆన్ ఆర్బర్‌లో

మిషిగన్ విశ్వవిద్యాలయం ఆన్ ఆర్బర్ పట్టణంలో ఉంది. అక్కడికి గంటలోపు దూరంలో ఉన్న డెట్రాయిట్ నల్లజాతి ప్రజలు పెద్దసంఖ్యలో నివసించే కార్మిక నగరం. 1967లో ఆ నగరం తగలబడింది. 1970 మార్చిలో 'బ్లాక్ యాక్షన్ మూవ్‌మెంట్' పేరుతో నల్లజాతి విద్యార్థులు సమ్మెకు దిగారు. వారి ప్రధానమైన కోరిక పాఠ్యక్రమం కాదు, సంఖ్య. 1973–74 విద్యాసంవత్సరానికి విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థులు 10 శాతం ఉండాలి. తరగతులు స్తంభించాయి, పాలకమండలి ఆ లక్ష్యాన్ని అంగీకరించింది. ఆ 10 శాతాన్ని విశ్వవిద్యాలయం ఆనాటి నుంచి నేటివరకు చేరుకోలేదు.

1987 జనవరిలో ఒక విద్యార్థి వసతిగృహంలో నల్లజాతివారిని వేటాడవచ్చునన్న అర్థంలో కరపత్రం కనిపించింది. ఫిబ్రవరిలో విద్యార్థుల రేడియో కేంద్రం జాతిని హేళన చేసే జోకులను ప్రసారం చేసింది. మళ్ళీ ఆందోళన మొదలైంది. మార్చిలో జెస్సీ జాక్సన్ వచ్చి, అధ్యక్షుడు హెరాల్డ్ షపీరోకు విద్యార్థులకు మధ్య ఒప్పందం కుదిర్చారు. ఈసారి ఉద్యమకారుల కోరికల్లో సంఖ్యతోపాటు, జాతివివక్ష గురించి విద్యార్థులందరికీ తప్పనిసరి బోధన కూడా చేరింది. 1970లో 'మమ్మల్ని లోపలికి రానివ్వండి' అన్నవారు 1987లో 'లోపల ఉన్నవారికి నేర్పండి' అన్నారు. ఈ మార్పును పురోగతి అనుకోవచ్చు. మొదటి కోరిక తీరకపోవడం వల్ల రెండవది పుట్టిందని కూడా అనుకోవచ్చు. నాకు రెండవదే సబబుగా తోస్తుంది.

విశ్వవిద్యాలయం ఇచ్చిన జవాబులు రెండు. రెండూ 1988లోనే వచ్చాయి, కాని రెండూ పరస్పరం విరుద్ధమైనవి. ఒకటి మాటను కట్టడి చేయడం, మరొకటి మాటకు చోటు కల్పించడం.

మాటకు శిక్ష

1988 ఏప్రిల్‌లో పాలకమండలి ఒక నియమావళిని ఆమోదించింది. జాతి, మతం, లింగం మొదలైన కారణాలపై ఎవరినైనా కించపరిచే మాటను, చేతను శిక్షార్హం చేయడం దాని సారాంశం. తరగతి గదులూ గ్రంథాలయాలూ దాని పరిధిలోకి వచ్చాయి. ఏ మాటలు తప్పో ఉదాహరణలిస్తూ ఒక చిన్న పుస్తకం కూడా వేశారు. ఈ రంగంలో స్త్రీలు పురుషులకు సాటి రారని ఒక విద్యార్థి తరగతిలో అనడం అందులోని ఒక ఉదాహరణ.

ఈ నియమావళి కింద వచ్చిన ఫిర్యాదుల్లో ఒకటి మన విషయానికి అత్యంత సన్నిహితమైనది. దంతవైద్య విభాగంలో ఒక కోర్సు ఆరంభంలో విద్యార్థులను చిన్న బృందాలుగా చేసి, ఎదురుకాగల ఇబ్బందులేమిటో చర్చించమన్నారు. అల్పసంఖ్యాక విద్యార్థులకు ఈ కోర్సులో కష్టమవుతుందని, వారిని న్యాయంగా చూడరని విన్నానని ఒక విద్యార్థి చెప్పాడు. అతడికి ఆ మాట చెప్పింది అతడి గదిలో ఉండే నల్లజాతి యువకుడే. ఆ యువకుడు గతంలో అక్కడే దంతవైద్యం చదివినవాడు. కోర్సు బోధిస్తున్న అధ్యాపకురాలు కూడా అల్పసంఖ్యాక వర్గానికి చెందినవారే. ఆ మాట అన్యాయమని, తన ఉద్యోగం స్థిరపడే అవకాశాన్ని దెబ్బతీస్తుందని ఆమె ఫిర్యాదు చేశారు. విద్యార్థికి నియమావళిని వివరించి చెప్పారు. నిజానిజాలు విచారించకుండా మాట్లాడినందుకు అతడు క్షమాపణ లేఖ రాయడానికి ఒప్పుకున్నాడు.

ఈ ఘట్టంలో దోషి ఎవరో చెప్పడం కష్టం. విద్యార్థి అన్నది వివక్షతో కూడిన మాట కాదు, వివక్ష ఉందన్న మాట. అధ్యాపకురాలి భయమూ నిరాధారం కాదు. అటువంటి స్థానంలో ఉన్నవారికి ఒక పుకారు ఎంత నష్టం చేయగలదో మనకు తెలియనిది కాదు. అసలు మాట్లాడవలసిన వ్యక్తి, అంటే ఆ కోర్సు చదివిన నల్లజాతి యువకుడు, ఆ గదిలోనే లేడు. అతడి అనుభవం మరొకరి నోటి వెంట వచ్చింది, వచ్చిన మరుక్షణం అపరాధమైంది. మాట్లాడమని అడిగి, మాట్లాడాక శిక్షించిన ఈ చర్చను చూస్తే ఆ నియమావళి ఎక్కడ విఫలమైందో తెలుస్తుంది.

తుదకు జీవమనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థి పేరు బయటపెట్టకుండా న్యాయస్థానానికి వెళ్ళాడు. లింగాల మధ్య, జాతుల మధ్య జీవసంబంధమైన భేదాలున్నాయనే వివాదాస్పద సిద్ధాంతాలను తరగతిలో చర్చిస్తే తనపై చర్య తీసుకుంటారన్నది అతడి భయం. 1989లో ఫెడరల్ న్యాయమూర్తి ఏవర్న్ కోన్ నియమావళిలోని మాటను నిషేధించే భాగాన్ని కొట్టివేశారు. ఏది అనవచ్చు, ఏది అనరాదు అన్నది అర్థం కానంత అస్పష్టంగా ఆ నియమాలు ఉన్నాయని, రాజ్యాంగం కాపాడే భాషణను కూడా అవి తాకుతున్నాయని తీర్పు. దాదాపు అదే కాలంలో జాతి సంబంధాలపై ఎన్నో ఏళ్ళుగా పాఠం చెబుతున్న ఒక సీనియర్ ఆచార్యుడు తరగతిలో అన్న మాటలపై విద్యార్థుల ఆరోపణలు రాగా, ఇక ఆ కోర్సు చెప్పనని తప్పుకున్నారు. ఆరోపణల్లోని న్యాయాన్యాయాలు ఎలా ఉన్నా, జాతిని గురించి బోధించేవారు ఒకరు తగ్గారు.

మాటకు చోటు

రెండవ జవాబు 1988లో మొదలైన అంతర్వర్గ సంబంధాల కార్యక్రమం. ఆ తర్వాతి సంవత్సరాల్లో దాన్ని తీర్చిదిద్దినవారిలో పట్రీషియా గురిన్, మార్క్ చెస్లర్, జిమేనా జునిగా, బీరెన్ నాగ్డా ముఖ్యులు. ఇందులోని పాఠ్యక్రమానికి వారు 'డైలాగ్' అని పేరు పెట్టారు. దీన్ని 'సంవాదం' అందాం. వాదవివాదం వేరు, చర్చ వేరు, సంవాదం వేరు అన్నది వారి విభజన. మన న్యాయశాస్త్రం కథను వాదం, జల్పం, వితండ అని మూడుగా విభజించింది. తత్త్వనిర్ణయం కోసం చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం, తన పక్షం స్థాపించకుండా ఎదుటివాడిని ఖండించడమే పనిగా పెట్టుకుంటే వితండ. మిషిగన్ వారి సంవాదాన్ని వాదంతో సమానం అనలేం. వాదంలో మాట్లాడేవారి పుట్టుపూర్వోత్తరాలతో పని లేదు, సంవాదంలో అదే ముడిసరుకు.

దాని నిర్మాణం వివరంగా చెప్పుకోదగినది. ఒక తరగతిలో 12 నుంచి 16 మంది. రెండు వర్గాలవారు సమాన సంఖ్యలో, లేదా వీలైనంత సమానంగా. నడిపేవారు ఇద్దరు, ఒక్కో వర్గం నుంచి ఒకరు. వారు ఆచార్యులు కారు. ముందుగా శిక్షణ పొందిన విద్యార్థులు. వారానికి ఒకసారి రెండు మూడు గంటలు, ఒక సెమిస్టరు పాటు సాగుతుంది. మొదటి వారాల్లో జాతి ఊసు పెద్దగా రాదు. ఎలా వినాలి, ఎలా అడగాలి, గదిలో అన్నది బయట ఎంతవరకు చెప్పవచ్చు అన్న ఒప్పందాలతోనే గడుస్తుంది. రెండవ దశలో ఎవరి నేపథ్యం ఏమిటి, దానివల్ల ఏ సౌకర్యం కలిగింది, ఏది అందలేదు అన్నది. మూడవ దశలోగాని ప్రవేశాలు, పోలీసులు, కులాంతర వివాహాల వంటి అక్కడి జాత్యంతర వివాహాలు మొదలైన వేడి విషయాలు రావు. చివరిది కలిసి ఏం చేయగలం అన్న ఆలోచన. ప్రతివారం చదవవలసిన వ్యాసాలు, రాయవలసిన ఆత్మపరిశీలనలు ఉంటాయి. సులువుగా మార్కులు వచ్చే కోర్సు అనుకొని చేరినవారికి నిరాశ తప్పదు.

ఇందులో 'చేపల తొట్టి' అనే ప్రక్రియ ఒకటి ఉంది. ఒక వర్గంవారు మధ్యలో వలయంగా కూర్చుని తమలో తాము మాట్లాడుకుంటారు. రెండవ వర్గంవారు చుట్టూ కూర్చుని వినాలి, నోరు మెదపకూడదు. తర్వాత స్థానాలు మారతాయి. చూడటానికి ఆటలా ఉన్న ఈ ఏర్పాటు చాలా పెద్ద సమస్యను పరిష్కరిస్తుంది. సాధారణ తరగతిలో నల్లజాతి విద్యార్థి ఒక్క మాట అంటే దానికి శ్వేతజాతి విద్యార్థులు పది సంజాయిషీలు అడుగుతారు. ఇక్కడ ఆ ప్రశ్న వేసే అవకాశం కాసేపు ఆగుతుంది. అంతకంటే ముఖ్యంగా, వలయంలో ఉన్న ఆరేడుగురు తమలో తాము విభేదించుకోవడం బయటివారికి కనిపిస్తుంది. నల్లజాతివారంతా ఒకే మాట మీద ఉండరన్న సంగతి ఉపన్యాసం చెబితే నమ్మనివారు కూడా, ఇద్దరు నల్లజాతి విద్యార్థులు ఎదురెదురుగా వాదించుకుంటుంటే కాదనలేరు. ఒక్కడే ఉన్నచోట ఈ విభేదం కనిపించే అవకాశమే లేదు.

మన తరగతులు దీనికి ఎంత దగ్గరో ఎంత దూరమో అన్నది వేరే పరిశీలించవలసిన సంగతి. మన దగ్గర సెమినార్ అంటే ఒకరు పత్రం చదవడం, తక్కినవారు చప్పట్లు కొట్టడం. అయితే దళిత కవిత్వం పాఠ్యాంశంగా వచ్చిన రోజున తరగతిలోని తలలు ఎవరివైపు తిరుగుతాయో బోధించే మనకందరికీ తెలుసు.

1990లో సాహిత్య, విజ్ఞాన, కళల కళాశాల అధ్యాపకులు ఓటు వేసి, ప్రతి విద్యార్థి జాతి, జాతిమూలాలకు సంబంధించి కనీసం ఒక కోర్సు చదవాలని నిర్ణయించారు. సంవాదం ఆ నిబంధనకు మూలం కాదు. నిబంధనను తీర్చడానికి ఉపన్యాస కోర్సులు ఎన్నో ఉన్నాయి. తప్పనిసరి చేసి కూర్చోబెట్టినవారితో సంవాదం నడవదని దాన్ని నడిపినవారికి తెలుసు.

ఫలితాలను కొలవడానికి గురిన్, నాగ్డా, జునిగాలు తొమ్మిది విశ్వవిద్యాలయాల్లో చేసిన అధ్యయనం 2013లో గ్రంథంగా వెలువడింది. చేరగోరినవారిలో కొందరిని లాటరీ పద్ధతిన సంవాదంలోకి, కొందరిని నిరీక్షణ జాబితాలోకి పంపారు. ఇలాంటి ప్రయోగాలు 52. వాటిలో సగం జాతిపై, సగం లింగభేదంపై. అసమానతకు కారణాలు వ్యక్తుల్లో కాక వ్యవస్థలో ఉన్నాయని గ్రహించడం, ఎదుటివారి పట్ల సహానుభూతి, ఏదైనా చేయాలన్న సంసిద్ధత సంవాదంలో ఉన్నవారిలో ఎక్కువగా పెరిగాయి. ఏడాది తర్వాత కూడా ఆ తేడా కనిపించింది. తేడా మరీ పెద్దది కాదు, రచయితలూ అలా చెప్పుకోలేదు. చేరగోరినవారి మీద మాత్రమే చేసిన ప్రయోగం కనుక, చేరడానికి ఇష్టపడనివారి గురించి అది ఏమీ చెప్పదు. 1987లో కరపత్రం రాసినవాడు ఈ తరగతికి దరఖాస్తు చేసి ఉండేవాడా?

ఇక్కడే మరో చిక్కు. జాతిపై జరిగిన ఆ ప్రయోగాల్లో సమాన సంఖ్యను సాధించడానికి ఒక పక్క శ్వేతజాతివారిని, మరో పక్క శ్వేతేతరులందరినీ కలిపి ఒకే వర్గంగా కూర్చోబెట్టారు. నల్లజాతి, స్పానిష్ మూలాలవారు, ఆసియావారు అందరూ ఒకే పక్క. లెక్క సరిపోయింది. కాని ఆ పక్కన తెలుగువారి పిల్లవాడు కూర్చున్నాడనుకుందాం. అతడు ఏ చరిత్ర చెప్పాలి?

ఆ చరిత్ర మలుపులు తిరిగినది. 1816లో ఎల్లిస్ దక్షిణాది భాషల బంధుత్వాన్ని నిరూపించినప్పుడు ఆయనకు ప్రధాన ఆధారం తెలుగు. మామిడి వెంకయ్య 'ఆంధ్రదీపిక' ఆ నిరూపణలో ఉపయోగపడింది. ఈ సంగతిని విపులంగా వెలుగులోకి తెచ్చిన థామస్ ట్రాట్‌మన్ ఈ మిషిగన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడే కావడం ఒక విశేషం. భాషాకుటుంబంగా మొదలైన 'ద్రావిడం' ఆ శతాబ్దం గడిచేలోగా జాతి పేరుగా మారింది. అమెరికాలో 1923లో భగత్ సింగ్ థిండ్ తాను ఆర్యుడినని, కాబట్టి శ్వేతజాతివాడినని పౌరసత్వం కోరితే సుప్రీంకోర్టు నిరాకరించింది. ఆ వాదన గెలిచినా ద్రావిడ ముద్ర ఉన్న తెలుగువాడికి అది వర్తించేది కాదు. 1965 వలస చట్టం తర్వాత అమెరికా వెళ్ళిన మన వైద్యులను 1970 జనాభా లెక్కలు శ్వేతజాతి కింద రాసుకున్నాయి, 1980 లెక్కలు ఆసియా భారతీయులుగా రాసుకున్నాయి. మనిషి మారలేదు, గడి మారింది. ఈ మలుపుల గురించి ఇంట్లో ఎవరూ చెప్పని పిల్లలు సంవాదంలో 'శ్వేతేతరుల' పక్క కూర్చుంటారు. తమ కుటుంబానికి అమెరికాలో ఎదురైన వివక్షను చెబుతారు. ఊళ్ళో తమ కుటుంబం ఎవరిపట్ల ఎలా మసలిందో చెప్పమని ఆ నిర్మాణం వారిని అడగదు. సమాన సంఖ్య కోసం వెడల్పు చేసిన వర్గం లోపలి అసమానతలను కప్పివేసింది. ఈ పద్ధతిలో నాకు కనిపించే పెద్ద లోపం ఇది.

సంఖ్య న్యాయస్థానంలో

1997లో ప్రవేశం దొరకని శ్వేతజాతి అభ్యర్థులు విశ్వవిద్యాలయంపై రెండు దావాలు వేశారు. విశ్వవిద్యాలయం తరఫున గురిన్ నిపుణుల నివేదిక సమర్పించారు. భిన్న నేపథ్యాల విద్యార్థులు కలిసి చదవడం వల్ల అందరికీ విద్యాపరమైన మేలు కలుగుతుందన్నది దాని వాదన. జాతీయస్థాయి గణాంకాలతో పాటు, తన విశ్వవిద్యాలయంలోని అంతర్వర్గ సంబంధాల కోర్సు విద్యార్థుల వివరాలు కూడా అందులో ఆధారాలు. ఆ విధంగా ఒక చిన్న తరగతిలోని సంభాషణ సుప్రీంకోర్టు ముందుకు సాక్ష్యంగా వెళ్ళింది. మేలు కలిగినది సంఖ్య వల్లనా, కోర్సు వల్లనా అన్నది నివేదికలో తేలలేదని విమర్శకులు అన్నారు. ఆ విమర్శలో బలముంది.

2003 జూన్ 23న తీర్పులు వచ్చాయి. డిగ్రీ ప్రవేశాల్లో అల్పసంఖ్యాకులకు నేరుగా 20 పాయింట్లు కలిపే పద్ధతిని 6–3తో కొట్టివేశారు. న్యాయకళాశాల పద్ధతిని 5–4తో నిలబెట్టారు. 'క్రిటికల్ మాస్' అన్న భావన రెండవ తీర్పులో కీలకం. అల్పసంఖ్యాక విద్యార్థి ఒంటరితనం అనుభవించకుండా, తన జాతికంతటికీ ప్రతినిధిగా మాట్లాడవలసిన స్థితి రాకుండా ఉండడానికి కావలసినంత సంఖ్య అని న్యాయకళాశాల చెప్పింది. అంటే తరగతిలో సాక్షి సభ్యుడు కావడానికి కావలసిన సంఖ్య. జస్టిస్ ఓకానర్ దాన్ని అంగీకరించారు. ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్ లెక్కలు తీశారు: 1995 నుంచి 2000 వరకు ఏటా ప్రవేశం దొరికిన ఆదివాసీ అమెరికన్లు 13 నుంచి 19 మంది, నల్లజాతివారు 91 నుంచి 108 మంది. ఒంటరితనం పోవడానికి ఒక వర్గానికి వందమంది కావలసి వస్తే మరొక వర్గానికి పదిహేనుమంది ఎలా సరిపోతారని ఆయన ప్రశ్న. వారి మొత్తం తీర్పుతో ఏకీభవించకపోయినా, ఈ ప్రశ్నకు మెజారిటీ తీర్పులో తృప్తికరమైన జవాబు లేదనే చెప్పాలి. జాతుల మధ్య అవగాహన అనే పాఠం న్యాయకళాశాలలో కాదు, శిశువిద్యాలయంలోనే నేర్చుకోదగినదని జస్టిస్ స్కాలియా ఎద్దేవా చేశారు. శిశువిద్యాలయాలు కూడా జాతులవారీగా విడిపోయి ఉన్న డెట్రాయిట్ పరిసరాల గురించి ఆ వాక్యంలో ప్రస్తావన లేదు.

మూడేళ్ళకు, 2006లో, మిషిగన్ ఓటర్లు 58 శాతం మెజారిటీతో రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించి, ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని నిషేధించారు. విశ్వవిద్యాలయం తర్వాత సుప్రీంకోర్టుకు సమర్పించిన వివరాల ప్రకారం, డిగ్రీ విద్యార్థుల్లో నల్లజాతివారు 2006లో 7.03 శాతం, 2021లో 3.92 శాతం. రాష్ట్రంలో కళాశాల వయసు యువతలో వారి వాటా ఇదే కాలంలో 16 నుంచి 19 శాతానికి పెరిగింది.

ఈ అంకెను తరగతి గదిలోకి తెచ్చి చూడాలి. 25 మంది ఉన్న తరగతికి సగటున ఒక్కరు. 14 మంది సంవాదంలో సగం, అంటే ఏడుగురు నల్లజాతివారు కావాలంటే సుమారు 180 మంది విద్యార్థుల్లోని నల్లజాతివారందరూ ఆ ఒక్క కోర్సులో చేరాలి. పద్ధతిని ఎంత మెరుగుపరిచినా ఈ కూడికలో తేడా రాదు. 2013 నవంబరులో నల్లజాతి విద్యార్థి సంఘం ట్విట్టర్‌లో తమ అనుభవాలను రాయమని పిలుపునిచ్చినప్పుడు అది దేశమంతటా వార్త అయింది. 1988లో సంవాద కార్యక్రమం మొదలైన 25 ఏళ్ళ తర్వాత, అదే ప్రాంగణంలోని నల్లజాతి విద్యార్థులు తమ మాట వినిపించడానికి తరగతికి బయట చోటు వెతుక్కున్నారు.

2023 జూన్ 29న సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కరోలినా కేసుల్లో జాతి ఆధారిత ప్రవేశాలను దేశవ్యాప్తంగా నిషేధించింది. మిషిగన్‌కు అది కొత్త సంగతి కాదు, అక్కడ ఆ నిషేధం పదిహేడేళ్ళుగా ఉంది. అయితే ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ ఒక వెసులుబాటు ఇచ్చారు. జాతి తన జీవితంపై చూపిన ప్రభావాన్ని అభ్యర్థి దరఖాస్తు వ్యాసంలో రాసుకుంటే దాన్ని విశ్వవిద్యాలయం పరిగణించవచ్చు. అంటే ఆ వాఙ్మూలం ఇప్పుడు తరగతి తలుపు బయటే, పదిహేడేళ్ళ వయసులో, లోపలికి రానిస్తారో లేదో తెలియకముందే ఇవ్వవలసి ఉంది.